వేసవి చెఱువు – పూడిక గోతులు

వేసవిలో చెఱువు చిక్కిపోవును. గేదెలు మోకాలిలోతు నీటిలో పొరలుచుండ, బడి సెలవులలోనున్న పిల్లలు మధ్యాహ్నమంతయు నందే యుందురు. నిండు చెఱువును జూచి వెఱచు పెద్దలు సైతము చిక్కిన చెఱువును నమ్మి నిశ్చింతగా నుందురు. అపాయమెల్ల నీ నమ్మకమునందే యున్నది.

పూర్వము రైతులు పలుగుపాఱలతో పూడిక త్రవ్వి బండ్లపై తోలుకొనెడివారు. ఎద్దులు దిగి యెక్కవలసి యుండుటచే గోతికి వాలు తప్పక యుండెడిది. ఇప్పటి యంత్రమునకు అట్టి యవసరము లేదు. అది గట్టుపై నిలిచి నిలువుగా త్రవ్వును. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయయు, ఆంధ్రప్రదేశమున నీరు–చెట్టు పథకమును ఆరంభమైనపుడు పూడికతీత విస్తారముగా సాగినది. ఒండ్రుమట్టి చేలకు మేలుచేయుననుటలో సందేహము లేదు. ఆక్షేపణ మట్టిపై గాదు, మట్టి తీసిన పిదప గోతి నట్లే విడిచిపోవుటపై.

ఒక్క వాన కురిసినచో గోయి నిండి, చుట్టునున్న నీటితో సమమై కానరాకుండును. బురదనీటిలో నడుగు గనబడదు. మోకాలిలోతున నడచుచున్న బాలుడు మఱుసటి యడుగున నిలువులోతులో పడును. ఒడ్డు జిగటమన్ను, పట్టుకొన్నకొలది జాఱును. అడుగున నూబియున్నచో కాళ్లు దిగబడును. ఈత వచ్చినవాడును అచ్చట తడబడును. కల్లు త్రాగి దిగినవాని సంగతి చెప్పనేల?

కావున పూడిక తోలించుకొను సభ్యులు బేరమునాడే గోతి సంగతియు మాటాడుకొనవలెను. ఒక మూర లోతునకు మూడు మూరల వాలు విడిచినచో పడినవాడు ప్రాకి రాగలడు, పశువులకును సుఖము. స్నానపు రేవునకు దగ్గఱగా త్రవ్వరాదు. కట్ట మొదట త్రవ్వుట కట్టకే చేటు. పని ముగిసిననాడే గోతిచుట్టు పొడవైన వెదుళ్లు పాతి, వానికి ఎఱ్ఱగుడ్డలు గట్టవలెను. దీనికగు ఖర్చు ట్రాక్టరు కిరాయిలో నెన్నవ వంతో సభ్యులే లెక్కచూచుకొందురు గాక.

మునుగువాడు కేకలు వేయునని తలంతురు. అది పొరపాటు. ఊపిరికే చాలని నోటికి కేక యెట్లు వచ్చును? తల వెనుకకు వాలి, చేతులు నీటిని క్రిందికి నొక్కుచు, చప్పుడు లేకుండ మునిగిపోవును. అందుచే పిల్లలను ఒడ్డున కనిపెట్టియుండు పెద్ద యొకడు ఉండవలెను, వినుచుండుట చాలదు.

ఒకని కొఱకు దిగి మఱియొకడు, వాని కొఱకు వేఱొకడు మునిగి, ఒక యింట నిద్దఱు ముగ్గురు పోయిన దుఃఖములు మనము వినుచునే యున్నాము. మునుగువాడు చేతికందినవానిని పట్టి క్రిందికి లాగును. కావున నీటిలోనికి దిగక, ఒడ్డున బోర్లపరుండి వెదురుగడనో పంచెనో యందీయవలెను. దూరమైనచో మూత బిగించిన ఖాళీ డబ్బాకు మోకు కట్టి విసరవలెను.

బయటికి దీసినవానిని తలక్రిందుగా వ్రేలాడదీయుట, పొట్టనొత్తి నీరు కక్కించుట మనవారి యలవాటు. దానివలన విలువైన నిమిషములు పోవును. కడుపులోనిది ఊపిరితిత్తులలోనికి జాఱవచ్చును. ఊపిరి లేనిచో వెల్లకిల పరుండబెట్టి, తల కొంచెము వెనుకకు వంచి, ముక్కు మూసి, నోటిలో నోరుంచి 5 మాఱు లూదవలెను. అప్పటికిని చలనము లేకున్న ఱొమ్ము నడుమ అఱచేతి మడమతో 30 మాఱులు, నిమిషమునకు 100 నుండి 120 వఱకు నగు వేగమున, గట్టిగా నొత్తి 2 మాఱు లూదుచు, మరల నొత్తుచుండవలెను. పెద్దవారికి ఱొమ్ము రెండంగుళములు దిగునట్లు ఒత్తవలెను. ఒకడీపని చేయుచుండగా వేఱొకడు 108కి ఫోను చేయవలెను. ఊపిరి తిరిగి వచ్చినను ఆసుపత్రికి గొంపోవుట మానరాదు; కొన్ని గంటలకు పిదప ఆయాసము హెచ్చుట కలదు.

ఈ నెల సభ్యుల సమావేశమున రేవుచెట్టుకు కట్టుటకు ఒక మోకును, ఒక గడను, ఒక డబ్బాను సంఘ ఖర్చున నేర్పఱచు విషయము చర్చింపదగినది. మోకును బండికి కట్టుకొనుటకై యెవరును విప్పుకొనిపోకుండ చూచుకొనువాని పేరును అచ్చటనే వ్రాసికొనవలెను.