ఫోన్‌లో ఉన్న ఐపీవీ6 ఆఫీసులో ఎందుకు లేదు?

ప్రశ్న: ఇంటి నుంచే పనిచేసే డెవలపర్‌ని. మా అప్లికేషన్‌ను ఐపీవీ6కి మారుద్దామంటే టీమ్‌లో ఎవరూ ఒప్పుకోవడం లేదండీ. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, రాజాం

జవాబు: మీ ఆలోచన సరైనదే. ఇంటర్నెట్ చిరునామాల కొత్త ప్రమాణమైన ఐపీవీ6 తొలి రూపం 1995లోనే వచ్చింది. జియో మొబైల్ నెట్‌వర్క్‌లో ఎప్పటినుంచో నడుస్తోంది. ఆఫీసుల్లో అసలు చిక్కు పాత కోడ్‌లో ఉంటుంది. డేటాబేస్‌లో చిరునామాకు 15 అక్షరాల చోటే ఇచ్చి ఉంటారు. ఐపీవీ6కి 39 దాకా కావాలి. లాగ్‌లు చదివే స్క్రిప్టులు, ఫైర్‌వాల్ నిబంధనలు, వీపీఎన్ కూడా పాత చిరునామాల లెక్కలోనే రాసి ఉంటాయి. ఒకే చిరునామాను చాలా పరికరాలు పంచుకునే నాట్ (NAT) పద్ధతి వల్ల ఐపీవీ4తోనే పని గడిచిపోతోంది కాబట్టి మేనేజర్లకు తొందరా ఉండదు.

వాదనతో ఒప్పించడం కష్టం. టెస్ట్ సర్వర్‌లో ఐపీవీ4, ఐపీవీ6 రెండూ కలిపి నడపండి. ఏది ఎక్కడ ఆగిపోతోందో రాసుకుని, ఆ జాబితాతో నెట్‌వర్క్ టీమ్‌ను కలవండి. ఐపీవీ4ను మాత్రం ఇప్పుడే ఆపేయకండి.