ఇంటిలోని తేనె: దాని నిలువ, దాని మార్పులు

యిర్మీయా గ్రంథము 41వ అధ్యాయములో మనము తరచుగా దాటిపోవు సంగతి యొకటి కలదు. మిస్పాలో ఇష్మాయేలు నరహత్య జరిగించుచుండగా, పదిమంది మనుష్యులు తమకు పొలములలో దాచిన నిలువలు ఉన్నవని చెప్పి ప్రాణములు దక్కించుకొనిరి. ఆ నిలువలలో గోధుమలు, యవలు, నూనెతో పాటు తేనెయు నుండెను. ధాన్యమువలెనే తేనెయు చాలకాలము దాచదగిన వస్తువని ఆనాటివారు ఎరిగియుండిరి. మన ఇండ్లలోను అది అట్లే నిలుచును. అయితే నిలుచునది మారదని తలంచరాదు. ఏ మార్పు సహజమో, ఏది చెడుటయో తెలియక మంచి తేనెను పారవేయువారును, అమ్మినవానిని దొంగ యనువారును కలరు.

గోపన్‌పల్లి సంగతి చూడుడి. రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలములోని ఈ ఊరు ఒకప్పుడు పొలములు, బండరాళ్లు గల పల్లె. నేడు హైటెక్ సిటీ ఉద్యోగులు కాపురముండు ఎత్తయిన మేడలు అక్కడ లేచినవి. రాతి అంచులకు, మహావృక్షముల కొమ్మలకు పట్టు పెట్టు పెద్ద తేనెటీగలు హైదరాబాదులో ఇట్టి మేడల అంచులకును పట్టు పెట్టుచున్నవి. కావున ఊరు మారినను, పట్టునుండి పిండిన తేనె, దుకాణపు సీసాలోని తేనె, రెండును అట్టి ఇండ్లకు చేరును. క్రిస్మసు దినముల చలిలో సీసా అడుగున తేనె పేరుకొనగానే, "ఇది చక్కెర పాకము" అను మాట మేడలోను గుడిసెలోను ఒకే విధముగా పుట్టును.

1. తేనె ఎందుకు నిలుచును?

పూవులనుండి ఈగలు తెచ్చు మకరందములో నీరు మిక్కుటము. ఈగలు రెక్కలతో విసరి ఆ నీటిని ఆర్చును. నూటికి సుమారు 18 పాళ్లకు నీరు తగ్గినప్పుడు గదిని మైనముతో మూసివేయును. మిగిలినది దాదాపు అంతయు చక్కెరలే. ఊరగాయలో ఉప్పు చేయు పనిని ఇక్కడ చక్కెర చేయును: సూక్ష్మక్రిమి దానిలో పడినయెడల తనలోని నీటిని కోల్పోయి పెరుగలేకపోవును. తేనెలోని పులుపును ఇందుకు తోడ్పడును. కనుక తేనె నిలువకు మూలము నీరు తక్కువగా నుండుటయే.

2. పేరుకొనుట చెడుట కాదు

తేనెలో ముఖ్యముగా గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు చక్కెరలు కలవు. గ్లూకోజు నీటిలో తక్కువగా కరుగును గనుక, చల్లబడినప్పుడు విడివడి, నెయ్యి పూసకట్టినట్లు పలుకులు కట్టును. సుమారు 14 డిగ్రీల చలిలో ఇది మిక్కిలి త్వరగా జరుగును. పుప్పొడి, మైనపు నలుసులు గల తేనె మరి త్వరగా పేరుకొనును. గ్లూకోజు తక్కువగా గల తేనె సంవత్సరము గడచినను పలుచగానే యుండవచ్చును.

కల్తీ పాకము పేరుకొననూ వచ్చును, పేరుకొనక పోనూ వచ్చును. కావున ఇది పరీక్ష కానేరదు. నీటిలో వేసి చూచుట, వత్తి ముంచి వెలిగించుట, చీమలు పట్టునో లేదో చూచుట, ఇవియు నమ్మదగినవి కావు. చిక్కని పాకమును నీటి అడుగుకు దిగును, చీమలు మంచి తేనెకును పట్టును. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అను సంస్థ 13 బ్రాండ్ల 22 నమూనాలను పరీక్షింపజేసి, వాటిలో నూటికి 77 వంతులలో చక్కెర పాకము కలిసియున్నదని ప్రకటించెను. ఆ మోసమును పట్టుటకు ఎన్.ఎం.ఆర్. అను ప్రత్యేక పరీక్ష కావలసివచ్చెను. ప్రయోగశాలకే అంత కష్టమైనదానిని మనము చెంచాతో తేల్చి, నల్లమల చెంచువానిమీదనో, బిందెతో వీధి తిరుగు పేదవానిమీదనో నింద మోపవచ్చునా? అబద్ధసాక్ష్యము న్యాయస్థానములో మాత్రమే కాదు, గుమ్మమునొద్దను పలుకబడును.

పేరుకొన్న తేనెను కరిగింపవలెనన్న, చేయి ఓర్చు గోరువెచ్చని నీటిలో సీసాను ఉంచుడి. పొయ్యిమీద కాచకుడి. కాచినయెడల రంగు ముదిరి, వాసన పోవును, హెచ్.ఎం.ఎఫ్. అను పదార్థము దానిలో పెరుగును. మన వేసవి ఎండకును కొంత ఇట్లే జరుగును.

3. నిజముగా చెడుట

నీరు నూటికి 20 పాళ్లు దాటినప్పుడు తేనెలో నిద్రించుచున్న ఈస్టు మేల్కొనును. నురుగు, పుల్లని వాసన, మూత తీయగానే బుస్సుమను చప్పుడు, ఇవి పులిసిన గురుతులు. పెద్ద తేనెటీగల అడవి తేనెలో నీరు సహజముగానే ఎక్కువ. మూయని గదులను కూడ కలిపి పిండినయెడల మరింత హెచ్చును. వానకాలమున మూత వదులైనను తేనె గాలిలోని తేమను పీల్చుకొనును. పైగా తేనె పేరుకొన్నప్పుడు, పైన మిగిలిన పలుచని భాగములో నీటి పాలు పెరిగి అక్కడ పులియుట మొదలగును. పులిసినదానిని తినక తీసివేయుడి.

4. పసిబిడ్డల విషయము

పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయు అలవాటు మనలో ఇంకను కలదు. దీనిని మానవలెను. బొటులిజము కలిగించు క్రిమి బీజములు కొన్ని తేనెలలో ఉండును. తేనె వాటిని పెరుగనీయదు, చంపనూ చంపదు. ఏడాది నిండని బిడ్డ ప్రేగులలో అవి మొలకెత్తి విషము పుట్టించును. బిడ్డ మెడ నిలుపలేక, పాలు త్రాగలేక, ఊపిరి అందక పోవచ్చును. 1976లో వైద్యులు ఈ పసిబిడ్డల జబ్బును గుర్తించిరి. ఏడాదిలోపు తేనె పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. తేనె ఎంత స్వచ్ఛమైనను, ఇంట ఎంత కాచినను ఈ అపాయము తొలగదు. అవ్వలారా, ఇది మీ ప్రేమకు అడ్డు చెప్పుట కాదు. ఆ ప్రేమ కోరు క్షేమమునకై చెప్పుచున్నాము.

5. ఇంట చేయవలసినవి

తేనెను పొడి గాజుసీసాలోనో జాడీలోనో బిగించి పెట్టుడి. పులుపు గలది గనుక ఇనుము, రాగి, ఇత్తడి పాత్రలు తగవు. తడి చెంచా ముంచకుడి. పొయ్యికి, ఎండకు దూరముగా నుంచుడి. ఫ్రిజ్ అవసరము లేదు. కొన్న నెల సీసామీద వ్రాయుడి. పెద్ద నిలువను చిన్న సీసాలలోనికి పంచినయెడల, ఒకటి తెరచినను మిగిలినవి తేమ తగులక నిలుచును.

సీసాలో పలుకులు కనబడినప్పుడు ముందు వాసన చూడుడి, నురుగున్నదేమో చూడుడి. అవి లేనియెడల నిశ్చింతగా వాడుకొనుడి. అమ్మినవాడు మరల వీధిలోనికి వచ్చినప్పుడు అతనితో మంచి మాట పలుకుడి.