రొయ్యల్లో నీళ్లు, కైమాలో పుట్నాలు

మొన్న ఆదివారం అరకిలో ఫ్రోజెన్ రొయ్యలు తెచ్చి మూకుట్లో వేశాను. రెండు నిమిషాలకే అవి నీళ్లలో తేలాయి, పైన తెల్లటి నురగ. ఆ నీళ్లన్నీ ఇగిరేసరికి అడుగున గుప్పెడు మిగిలాయి. మావాడు ఒకటి నోట్లో వేసుకుని "అమ్మా, రబ్బరు నములుతున్నట్టుంది" అన్నాడు. ప్యాకెట్ తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: ఐఎన్ఎస్ 451.

ఐఎన్ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే నంబరు, 451 అంటే ట్రైఫాస్ఫేట్. కండలోని ప్రోటీన్ నీటిని వదలకుండా పట్టుకునేలా చేస్తుంది. కాస్త వాడితే మేలే. గడ్డకట్టిన చేప కరిగేటప్పుడు దాని సొంత రసం కారిపోదు, కూరలో పీచులా అవదు. అందులోనే ఎక్కువసేపు నానబెట్టారంటే మాత్రం రొయ్య నీళ్లు తాగి తూకం పెరుగుతుంది. అప్పుడు మనం రొయ్యల ధరకు నీళ్లు కొంటున్నట్టే. పచ్చి రొయ్య గాజులా మెరుస్తూ, సబ్బు రాసినట్టు చేతిలోంచి జారుతుంటే అనుమానించండి. పైన ఉండే పల్చటి మంచుపొర సంగతి వేరు. అది ఎండిపోకుండా వేసేది.

"కెమికల్స్ కలిపినవి పిల్లలకు పెట్టొచ్చా?" అని చాలామంది తల్లులు అడుగుతుంటారు. కలపడమే తప్పయితే మన కైమా ఉండలు కూడా తప్పే. ఉప్పు వేసి కైమాను ఐదు నిమిషాలు గట్టిగా పిసికి చూడండి, ముద్ద జిగురొచ్చి వేళ్లకు అంటుకుంటుంది. ఉప్పుకు మాంసంలోని ప్రోటీన్ కరిగి బయటికి రావడమే ఆ జిగురు. ఉండ విరగకుండా ఉండేది దాని వల్లే. పైగా పుట్నాల పొడి వేస్తాం, అది కారే రసాన్ని పీల్చుకుంటుంది. సాసేజ్‌లో ఫాస్ఫేటూ పిండీ చేసే పని కూడా ఇదే. కాబట్టి కలిపింది ఎవరి కోసమో చూడండి. తినేవాడి కోసమా, అమ్మేవాడి కోసమా? ప్యాకెట్ మీద పదార్థాల పేర్లు బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. నగ్గెట్స్‌లో చికెన్ తర్వాత వెంటనే నీళ్లూ, పిండీ, నూనే కనిపిస్తే ఆ డబ్బుకు మాంసం ఎంత వస్తుందో మీకే తెలుస్తుంది.

నేను కాస్త గట్టిగా చెప్పేది ఐఎన్ఎస్ 250 గురించి. అది సోడియం నైట్రైట్. ఇంట్లో ఉడికిన మాంసం బూడిద రంగుకు తిరుగుతుంది కదా, సలామీ, హామ్ మాత్రం గులాబీ రంగులోనే ఉంటాయి. ఆ రంగు నైట్రైట్ ఇచ్చిందే. రంగు ఒక్కటే అయితే వద్దనేయవచ్చు, కానీ అది ప్రాణాంతకమైన బొట్యులిజం సూక్ష్మజీవిని పెరగనివ్వదు. ఆ జబ్బుకు పేరు వచ్చిందే లాటిన్‌లో సాసేజ్ అనే మాట నుంచి. 1820 ప్రాంతంలో జర్మనీలో యుస్టినుస్ కెర్నర్ అనే వైద్యుడు, ఆయన కవి కూడా, సాసేజ్ తిని చనిపోతున్నవాళ్ల గురించి వివరంగా రాశాడు.

రెండో వైపు కూడా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క చెప్పింది. పొగాకు ఉన్న వర్గమే అయినా రెండూ సమానమని కాదు. రుజువు అంత గట్టిగా ఉందని మాత్రమే. ఇక్కడ "రోజూ" అన్న మాట పట్టుకోండి. పుట్టినరోజున స్నేహితులతో రెండు ముక్కలు తిన్న పిల్లాణ్ణి భయపెట్టకండి. రోజూ స్కూలు డబ్బాలో సాసేజ్ పెట్టడం మాత్రం మానండి. వేయించినప్పుడు మాడనివ్వకండి, ఎక్కువ వేడికి నైట్రైట్ నుంచి క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు పుడతాయి. పక్కనే 301గానీ 316గానీ కనిపిస్తే కంగారు వద్దు, అవి ఆ పుట్టుకను తగ్గించడానికి కలిపినవే. అమెరికాలో ఉన్న మన పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట: "అన్‌క్యూర్డ్" అని రాసి, లోపల సెలరీ పొడి వేసి ఉంటే అందులోనూ నైట్రైట్ ఉన్నట్టే. ఆకుకూర నుంచి వచ్చిందని దాని గుణం మారదు.

ఉప్పు లెక్క సులువు. ప్యాకెట్ మీది సోడియంను రెండున్నరతో హెచ్చవేయండి. వంద గ్రాములకు 800 మిల్లీగ్రాములని ఉంటే అది రెండు గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకే రోజుకు ఐదు గ్రాముల లోపు ఉండాలంటారు. ఏడాది నిండని బిడ్డకు ఇవేవీ వద్దు.

ఫ్రీజర్ ఉన్న ఇంట్లో సాయంత్రం ఆకలికి నేను చేసేది ఇదీ. ఆదివారం కైమా ఉండలు చేసి, ఆవిరి మీద పూర్తిగా ఉడికించి, చల్లారాక పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా గడ్డకట్టిస్తాను. తర్వాత డబ్బాలోకి తీస్తే అంటుకోవు. బడి నుంచి రాగానే నాలుగు తీసి, చిన్న మంట మీద మూత పెట్టి, లోపలిదాకా వేడెక్కనిస్తే చాలు.