ఊరు దాటితేనే ఇంటిపేరు

కోదాడలో హుజూర్‌నగర్ బస్సెక్కితే దారిలో చిలుకూరు వస్తుంది. ఇంటిపేరు చిలుకూరి అయినవాళ్లకు అక్కడ దిగాలనిపిస్తుంది. తొందరపడకండి.

ముందు ఇంటిపేరును విప్పాలి. మన ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఊరి పేరే. 'చిలుకూరు' షష్ఠిలో 'చిలుకూరి' అవుతుంది, చివర 'పాడు' ఉంటే 'పాటి' అవుతుంది, 'వరం' ఉంటే 'వరపు' అవుతుంది. పల్లి, చర్ల, మర్రి మాత్రం మారవు. ఈ లెక్కన వెనక్కి నడిస్తే ఊరి పేరు చేతికొస్తుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ పేరున్న ఊళ్లన్నీ కాగితం మీద రాసుకోండి. చిలుకూరు హైదరాబాదు పక్కన గండిపేట దగ్గరా ఉంది, బాలాజీ గుడి ఉన్నది అక్కడే. ఆత్మకూరు నెల్లూరు, నంద్యాల, వనపర్తి జిల్లాల్లోనూ ఉంది, సూర్యాపేట దగ్గరా ఉంది, ఆ ఊరిని ఆఫీసు కాగితాల్లో ఆత్మకూర్ (ఎస్) అంటారు. పిల్లలమర్రి అనగానే మహబూబ్‌నగర్ మర్రిచెట్టు గుర్తొస్తుంది గానీ, సూర్యాపేట పక్కన కాకతీయుల కాలపు గుళ్లున్న ఊరూ పిల్లలమర్రే. 15వ శతాబ్దపు కవి పిల్లలమర్రి పినవీరభద్రుణ్ని సూర్యాపేటవాళ్లు మా ఊరివాడే అంటారు. నాకూ అలాగే అనుకోవాలనుంది, కానీ ఒక్క ఇంటిపేరును సాక్ష్యంగా నిలబెట్టలేం.

ఇంకో సంగతి. ఊళ్లో ఉన్నవాణ్ని ఊరి పేరుతో ఎవరూ పిలవరు. చిలుకూరులో అందరూ చిలుకూరువాళ్లే కదా! ఊరు విడిచి ఇంకోచోట గుడిసె వేసుకున్నాకే ఆ పేరు అతుక్కుంటుంది. కాబట్టి మూలమైన ఊళ్లో ఆ ఇంటిపేరు కనపడకపోతే నిరాశపడొద్దు, చుట్టుపక్కల వెతకండి.

తర్వాత ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. "మనం యాడికెల్లి వచ్చినం, నాయనమ్మా?" అనడిగితే సగం సార్లు "ఏమో బిడ్డా" అనే జవాబొస్తుంది. అందుకని ఇలవేల్పు ఎవరు, బోనం ఏ ఊళ్లో ఎత్తేవారు, గోత్రమేంటి అని అడగండి. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో ఉంటుంది. ఊరు ఒక్కటైనంత మాత్రాన వంశం ఒక్కటి కాదు.

కాగితాల వంతు ఆ తర్వాతే. తెలంగాణలో మనకు దొరికేది 1954-55 నాటి భూముల రికార్డు, ఖాస్రా పహాణీ. అంతకు ముందరి భూమి సర్వే రికార్డు, సేత్వార్, ఉర్దూలో ఉంటుంది. ఆ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు, పేరు ఎలాగైనా చదవొచ్చు. బాగా చదవగలిగిన పెద్దాయన్ను వెంట తీసుకెళ్లండి.

ఇక లెక్క. బూత్‌ల వారీ ఓటరు జాబితాలో తలలు కాదు, ఇంటి నంబర్లు లెక్కపెట్టండి. పెళ్లయిన ఆడవాళ్లు చాలామంది అత్తింటి పేరుతోనే ఉంటారు, తలలు లెక్కిస్తే ఒకే ఇల్లు నాలుగవుతుంది. ఈ లెక్కలో కొత్తగా వలస వచ్చినవాళ్లూ కలుస్తారు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద కోదాడ, మిర్యాలగూడ వైపు పొలాలు కొనుక్కుని కృష్ణా, గుంటూరు రైతులు వచ్చి స్థిరపడ్డారు. కాబట్టి ఒక వీధి నిండా ఒకే ఇంటిపేరున్నా అది పాతదనుకోకుండా, ఏ ఏడు వచ్చారో అడగండి.

చివరికి ఆ ఇళ్లను పటం మీద చుక్కలుగా పెట్టండి. చుక్కలన్నీ ఒక ఊరి చుట్టూ మూగి, ఊరు మాత్రం ఖాళీగా ఉంటే, బస్సు దిగాల్సింది అక్కడే.