లిథియం బ్యాటరీ - సూక్ష్మకణముల శక్తి

విద్యార్థులారా! కోవిల్‌పట్టిలో అగ్గిపుల్లలు తయారగుట మీరెరిగినదే. కొయ్యమొద్దు నిప్పు తగిలిన వెంటనే అంటుకొనదు; ఆ కొయ్యనే సన్నని పుల్లలుగా చీల్చినచో క్షణములో రగులును. విరుదునగరము పప్పుదినుసుల వర్తకమునకు పేరుపొందినది. గుండుకందులకంటె బద్దలు త్వరగా ఉడుకునని మీ తల్లులు చెప్పుదురు. పదార్థమును చిన్నదిగా చేసినకొలది దాని ఉపరితలము పెరుగును. లోపలికి చేరవలసిన దూరము తగ్గును. సెల్‌ఫోనులోని లిథియం అయాను బ్యాటరీని మెరుగుపరచుటకు శాస్త్రజ్ఞులు ఈ సూత్రమునే ఆశ్రయించిరి.

ఈ బ్యాటరీ 1991లో విపణికి వచ్చినది. దీనియందు ధనధ్రువము, ఋణధ్రువము, వాటి నడుమ ద్రవము ఉండును. చార్జి చేయునపుడు లిథియం అయానులు ధనధ్రువమును విడిచి, గ్రాఫైటుతో చేసిన ఋణధ్రువములో చేరును, వాడునపుడు మరలివచ్చును. అదే సమయమున ఎలక్ట్రానులు వెలుపలి తీగగుండా ప్రవహించును. అదియే మనకు లభించు విద్యుత్తు.

ధనధ్రువమునకు వాడు పదార్థములలో లిథియం ఐరన్ ఫాస్ఫేటు ఒకటి. 1997లో అమెరికాయందు గుడినఫ్ బృందము దీనిని ప్రకటించినది. ఇది వేడికి బాగుగా తట్టుకొనును. కాని విద్యుత్తును మిక్కిలి స్వల్పముగా ప్రసరింపజేయును. అందుచేత దీనిని నానో ప్రమాణమునకు చూర్ణము చేసి, కర్బనపు పూత పూయుదురు. మిల్లీమీటరులో పదిలక్షవ వంతు నానోమీటరు. కణము పదవ వంతైనచో, అయాను లోనికి చొచ్చుటకు పట్టు కాలము ఇంచుమించు నూరవ వంతగును.

ఋణధ్రువమునకు సిలికానును వాడినచో గ్రాఫైటుకంటె ఎన్నో రెట్లు లిథియం నిలువయగును. కాని అది లిథియంతో నిండునపుడు మూడు నాలుగింతలుగా ఉబ్బి పగులును. మిక్కిలి సూక్ష్మమైన కణములు ఆ ఉబ్బును తట్టుకొనును.

అయినను చిన్నదైనంత మాత్రమున అంతయు మేలుకాదు. ఉపరితలము పెరిగినకొలది ద్రవముతో అనవసరపు చర్యలును పెరిగి, కొంత లిథియం వ్యర్థమగును. కావున తగిన ప్రమాణమును, తగిన పూతను ఎన్నుకొనుటయే నేర్పు.

ఈ శాస్త్రము మనకు దూరమైనది కాదు. విరుదునగరమునకు పొరుగు జిల్లాయగు శివగంగలో, కారైకుడియందు కేంద్రీయ విద్యుద్రసాయన పరిశోధనాలయము కలదు. అళగప్ప చెట్టియారు భూమిని, ధనమును విరాళమీయగా 1948లో నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1953లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిరి. అచ్చట లిథియం బ్యాటరీలపై పరిశోధనలు జరుగుచున్నవి. హైదరాబాదులోని ఏఆర్‌సీఐ కేంద్రము కర్బనపు పూతగల లిథియం ఐరన్ ఫాస్ఫేటును తయారుచేయు విధానమును రూపొందించినది.

తల్లిదండ్రులకు ఒక మనవి. తెలుగున చదివిన బిడ్డ పై తరగతులలో వెనుకబడునేమోయని శంకింపవలదు. అచ్చట మాటలు మారును. మాతృభాషలో గ్రహించిన సూత్రము మారదు.

అభ్యాసము: 1 సెంటీమీటరు భుజముగల ఘనమును 1 మిల్లీమీటరు ఘనములుగా కోసినచో ముక్కలెన్ని? మొత్తము ఉపరితలమెంత? (జవాబు: 1,000 ముక్కలు, 6కు బదులు 60 చదరపు సెంటీమీటర్లు.)