పది నిమిషాలకే ఆగిపోతున్న కొత్త కంప్యూటర్

ప్రశ్న: విడిభాగాలు కొని ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకున్నాను. పది నిమిషాలకే ఆగిపోతోంది. విండోస్ మళ్లీ వేసినా అంతే.
– ఓ పాఠకుడు, రామతీర్థం, విజయనగరం జిల్లా

జవాబు: విండోస్ జోలికి ఇక వెళ్లకండి. బయాస్ తెరిచి ప్రాసెసర్ వేడి ఎలా పెరుగుతోందో కాసేపు చూడండి. అక్కడే 90 డిగ్రీలు దాటుతుంటే కూలర్ సరిగా ఆనలేదన్నమాట. మరీ వేడెక్కితే ప్రాసెసర్ పాడవకుండా కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంది. ప్లగ్గు పీకి, కూలర్ ఊడదీసి, అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉండిపోయిందేమో చూడండి. మొదటిసారి బిగించేవాళ్లు దాన్ని తీయడం మరిచిపోతుంటారు. పాత థర్మల్ పేస్టు తుడిచి, బఠానీ గింజంత కొత్తది పెట్టి, ఎదురెదురు మూలలు వరసగా బిగించండి.

వేడి 50 దాటకపోయినా ఆగిపోతుంటే నా అనుమానం కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మీదే. క్యాబినెట్‌తో వచ్చిన చవక రకమైతే మరీను. కొత్తది కొనేముందు విజయనగరంలో తెలిసినవాళ్ల దగ్గర మంచిదొకటి అడిగి తెచ్చి, తగిలించి చూడండి.