ఫార్మాట్ కొట్టడమే పనితనమా?

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లలో, చిలకలూరిపేట, పర్చూరు వైపు జిన్నింగ్ మిల్లుల కాటాల దగ్గర, ఊరూరా ఉన్న మీసేవ కేంద్రాల్లో కంప్యూటర్ ఆగితే వ్యాపారం ఆగుతుంది. ఐటీఐలో కంప్యూటర్ కోర్సు కోపా చేసినవారికి, డిగ్రీ అయి ఖాళీగా ఉన్నవారికి సొంత ఊరి దగ్గరే మొదటి సంపాదన దొరికే చోట్లలో ఇవీ ఉన్నాయి. కానీ ఏ ఇబ్బంది వచ్చినా ఫార్మాట్ కొట్టేసేవారే ఎక్కువ. మొండికేసిన సాఫ్ట్‌వేర్‌ను ఆనవాలు లేకుండా తీసి, మళ్లీ సరిగ్గా వేయగలవారు తక్కువ. ఈ రంగంలో ఎదగాలనుకుంటే నేర్చుకోవలసింది ఆ రెండో పనే అంటాను.

కంట్రోల్ ప్యానెల్‌లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే సాధారణంగా ప్రోగ్రామ్ ఫోల్డర్ పోతుంది. సెట్టింగులు ప్రోగ్రామ్‌డేటాలో, యాప్‌డేటాలో, రిజిస్ట్రీలో మిగిలిపోవచ్చు. వెనక నడిచే సర్వీసు మిగలొచ్చు, డ్రైవరైతే విండోస్ డ్రైవర్ స్టోర్‌లోనే ఉండిపోవచ్చు. పత్తి మోళ్లు పీకకుండా వదిలేస్తే గులాబీరంగు పురుగు వచ్చే పంట కోసం చేలోనే కాచుకుని ఉన్నట్టు, కొత్తగా వేసిన సాఫ్ట్‌వేర్‌కు పాత రోగమే తగులుకుంటుంది. కాటానే తీసుకోండి. ఇండికేటర్ నుంచి బరువు సీరియల్ కేబుల్ మీదుగా వస్తుంది. ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి ఆ పోర్టు ఉండదు కాబట్టి యూఎస్‌బీ కన్వర్టర్ తగిలిస్తారు. అది పాడై కొత్తది పెడితే, విండోస్ పాతదాని పేరిట కామ్ 3ను అట్టే పెట్టి కొత్తదానికి కామ్ 7 ఇవ్వొచ్చు. కాటా సాఫ్ట్‌వేర్ మాత్రం కామ్ 3 వైపే చూస్తుంటుంది. దాన్ని ఎన్నిసార్లు తీసి వేసినా తెరమీద సున్నాయే. డివైస్ మేనేజర్‌లో దాగిన పరికరాలను చూపించమని చెప్పి, మసకగా కనిపించే పాత పోర్టును తీసేసి, కొత్తదానికి కామ్ 3 కేటాయిస్తే బరువు పడుతుంది. గేటు బయట పత్తి ట్రాక్టర్లు బారులు తీరిన వేళ ఈ కిటుకు తెలిసిన మనిషిని ఏ యజమానీ వదులుకోడు.

ఇంత వెతుకులాట ఎందుకు, గంటలో విండోస్ ఎక్కించేస్తే పోదా అంటారు. విండోస్ ఎక్కించడం గంట పనే. ఆ తర్వాత ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్ర యంత్రపు ఆర్‌డీ సర్వీసు, కాటా అన్నీ మళ్లీ కూర్చాలి. అంతకన్నా ప్రమాదం లెక్కలది. పాత టాలీ ఈఆర్‌పీ 9 డేటా మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటుంది. చూడకుండా ఫార్మాట్ కొడితే షావుకారి ఏళ్ల ఖాతాలు మాయం. టాలీ కంప్యూటర్ మార్చేటప్పుడు ముందుగా లైసెన్సు సరెండర్ చేయాలన్న సంగతీ అప్పుడే గుర్తొస్తుంది. అయితే రాన్సమ్‌వేర్ పట్టిన యంత్రానికి ఫార్మాటే సరైన దారి, అక్కడ మొహమాటపడొద్దు.

క్లీనర్ టూల్స్ ఉన్నాయి కదా అన్నది రెండో మాట. వాడొచ్చు, కళ్లు మూసుకుని మాత్రం కాదు. రిజిస్ట్రీ క్లీనర్లను తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెబుతుంది. రీస్టోర్ పాయింట్ పెట్టి, చెరిపే కీని ముందు ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. యాంటీవైరస్ తనను తాను కాపాడుకునేలా తయారవుతుంది కనుక, తయారీదారు ఇచ్చే తొలగింపు టూల్‌నే వాడాలి.

అంతా క్లౌడ్‌కు పోతోంది, ఈ విద్యకు రేపు గిరాకీ ఉంటుందా అన్నది బలమైన అభ్యంతరమే. కానీ 2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రయిక్ పంపిన లోపభూయిష్ఠ అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలబడ్డాయి. చాలాచోట్ల మనిషే వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒక ఫైలు చెరపాల్సి వచ్చింది. విమానాశ్రయాలు, ఆసుపత్రులు ఎదురుచూసింది అలాంటి చేతుల కోసమే. పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. కొత్త యంత్రాలకు మారే పని మన పట్టణాల్లో ఇంకా చాలానే ఉంది.

సాధనకు పైసా ఖర్చు అక్కర్లేదు. వర్చువల్‌బాక్స్ ఉచితం. అందులో విండోస్ వేసి, స్నాప్‌షాట్ తీసి, ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించి తీసేసి, ఏ ఫోల్డర్, ఏ సర్వీసు, ఏ కీ మిగిలాయో నోట్‌బుక్‌లో రాయండి. కాంప్‌టియా ఏ ప్లస్ సర్టిఫికేషన్ చెప్పే సమస్యాపరిష్కార క్రమంలోనూ చివరి మెట్టు చేసినదాన్ని రాసిపెట్టడమే. ఇంటర్వ్యూలో మొండి సాఫ్ట్‌వేర్‌ను ఎలా తీస్తావని అడిగితే బ్యాకప్, లైసెన్సు, సర్వీసు ఆపడం, అన్‌ఇన్‌స్టాల్, మిగుళ్లు, రీస్టార్ట్ అని వరుసగా చెప్పి, ఆ నోట్‌బుక్ ముందు పెట్టండి.